‘పో’ అంటే మన ‘అండి’

మనీలాలో ఒక పెద్ద దుకాణాల భవనం. లిఫ్టు తలుపు తెరుచుకుంది. బయట నిలబడ్డ ఆయన లోపలున్నవాళ్ళని అడిగాడు: “బబబా బ?” లోపల్నుంచి ఎవరో జవాబిచ్చారు: “బబబా.” ఆయన ఎక్కాడు, తలుపు మూసుకుంది. మొత్తం సంభాషణలో వినపడింది ఒక్కటే హల్లు. ఫిలిప్పీన్స్ వాళ్ళు తమ భాష గురించి కొత్తవాళ్ళకి చెప్పేటప్పుడు ఇష్టంగా ఎత్తుకునే ఉదాహరణ ఇది.

వినడానికి సరదాగా ఉన్నా, ఇందులో వ్యాకరణం చక్కగా అమరింది. “బబా” అంటే దిగడం. మొదటి అక్షరాన్ని రెట్టించి “బబబా” అంటే, ఇక దిగుతుంది అని. దాని వెనక విడిగా పలికే “బ” ప్రశ్నకి గుర్తు. “కిందికే” అన్న మాటని “కిందికేనా?” అని సాగదీసి మనం అడగమూ? అదే పని అక్కడ “బ” చేస్తుంది. తినడానికి వాళ్ళ మాట “కాయిన్”. తిన్నాడు అనాలంటే ఆ మాట కడుపులోకి “ఉమ్” దూర్చి “కుమాయిన్” అంటారు. తింటున్నాడు “కుమాకాయిన్”. తింటాడు “కాకాయిన్”. కాలాన్ని మాట చివర కాకుండా మాట మొదట్లోనే తేల్చేసే భాష ఇది. క్రియ కూడా వాక్యంలో సాధారణంగా ముందే వస్తుంది. తెలుగువాడు “పిల్లాడు మామిడిపండు” అనేసి, తిన్నాడో పారేశాడో చివర చెబుతాడు. వాళ్ళు “తిన్నాడు” అని మొదలుపెట్టి, ఎవరు, ఏమిటి అన్నది తర్వాత చెబుతారు.

ఈ భాష పేరు తగాలోగ్. దాని నేపథ్యం నాలుగు మాటల్లో. 7,641 దీవులున్న ఫిలిప్పీన్స్‌లో 170కి పైగా భాషలున్నాయి. లుజోన్ దీవిలో, మనీలా చుట్టుపక్కల ప్రాంతాల భాష తగాలోగ్. 1937 డిసెంబరు 30న అధ్యక్షుడు మాన్యుయెల్ కెసోన్ దీన్ని జాతీయ భాషకి ఆధారంగా ప్రకటించారు. 1987 రాజ్యాంగం ఆ జాతీయ భాషని ‘ఫిలిపీనో’ అంటుంది. బళ్ళలో, టీవీలో ఆ పేరుతో వినిపించేది ప్రధానంగా తగాలోగే. మలయ్, జావనీస్, ఎక్కడో ఆఫ్రికా పక్కనున్న మడగాస్కర్ దీవి భాష దీనికి చుట్టాలు. తెలుగుతో ఏ చుట్టరికమూ లేదు.

అయినా తగాలోగ్ పలుకుబడి తెలుగు చెవికి పట్టినంత తేలిగ్గా ఇంగ్లీషు చెవికి పట్టదు. మన పిల్లలు అక్కడికి చదువుకి వెళ్ళినా, గల్ఫ్‌లో ఫిలిప్పీన్స్ నర్సుల పక్కన మనవాళ్ళు పనిచేసినా, ఆ భాషని ఇంగ్లీషు చేతిపుస్తకంలోంచే నేర్చుకుంటారు. ఆ దారిలో సగం అర్థం జారిపోతుంది. తెలుగులోంచి నేరుగా వెళితే అది జారదు.

అందుకు మొదటి సాక్ష్యం “పో” అన్న ఏకాక్షరం. తెలుగువాళ్ళు మొదటిసారి వింటే ఉలిక్కిపడతారు, ఎవరో తమని పొమ్మంటున్నారని! నిజానికి అది మర్యాద. “సలామత్” అంటే కృతజ్ఞత, “సలామత్ పో” అంటే ధన్యవాదాలండి. “ఓఓ” అంటే అవును, “ఓపో” అంటే అవునండి. “హిందీ” అంటే కాదు, “హిందీ పో” అంటే కాదండి. ఇంగ్లీషు పుస్తకాలు ఈ “పో” దగ్గర తడబడి, ‘సర్’ అనో ‘మేడమ్’ అనో రాసి ఊరుకుంటాయి. మగవారా ఆడవారా అన్న పట్టింపు “పో”కి లేదు. అన్నగారినైనా అమ్మమ్మనైనా అదే మాట. తెలుగువాడికి ఒక్కసారి “అండి” అని చెబితే చాలు, ఇక వివరణ అక్కర్లేదు. ఒక్క తేడా మాత్రం గుర్తుపెట్టుకోవాలి. మన “అండి” వాక్యం చివర అతుక్కుంటుంది. వాళ్ళ “పో” సాధారణంగా మొదటి మాట అయిన వెంటనే వచ్చి కూర్చుంటుంది. “మగందాంగ్ ఉమాగ పో” అన్నప్పుడు మాత్రం చివరే వినిపిస్తుంది. శుభోదయమండి అని దాని భావం, అందమైన ఉదయం అని మాటకి మాట అర్థం.

సర్వనామాల్లోనూ ఈ మర్యాద సాగుతుంది. “ఇకావ్” నువ్వు. “కయో” మీరు. చాలామందికైనా ఒక్క పెద్దమనిషికైనా “కయో”యే, అచ్చం మన “మీరు”లాగే. ఇంకో మెట్టు పైకెళ్ళి, ఎదుటివాళ్ళనే “వారు” అని సంబోధించడం కూడా ఉంది. తలుపు తట్టిన అపరిచితుణ్ణి ఇంటావిడ “సీనో పో సిలా?” అని అడుగుతుంది. మాటకి మాట, వారెవరండి అని. “తమరెవరండి?” అని అడిగే ఇళ్ళలో పెరిగినవాళ్ళకి ఆ గొంతులోని దూరం, గౌరవం రెండూ వెంటనే తెలుస్తాయి. ఆ తలుపు బయట నిలబడ్డ మనిషి ఏమని పిలుస్తాడో కూడా చెప్పుకోవాలి. “తావో పో!” అంటాడు. తావో అంటే మనిషి. మనిషినండి, వచ్చింది మనిషేనండి అని.

ఇక “మనం”, “మేము”. ఈ రెండింటి తేడా హిందీలో లేదు, ఇంగ్లీషులో లేదు, మూడు శతాబ్దాలకి పైగా ఆ దీవుల్ని ఏలిన స్పెయిన్ వాళ్ళ భాషలోనూ లేదు. తగాలోగ్‌లో ఉంది. “తాయో” మనం, “కమీ” మేము. ఎవరైనా భోంచేస్తుండగా ఆ దారిన వెళితే “కాయిన్ తాయో!” అని పిలుస్తారు, తిందాం రండి అని. అక్కడ “కమీ” పొరపాటున పడితే, మేం తింటాం, నీకు లేదు అన్నట్టవుతుంది. ఆ పిలుపుకి వెంటనే పళ్ళెం ముందు కూర్చోవడం కూడా రివాజు కాదు. “సలామత్ పో, ఇప్పుడే తిన్నాను” అని నవ్వి సాగిపోతే సరిపోతుంది. మన వీధి అరుగుల మీద ఇలాంటి పిలుపులు ఎన్ని నడవలేదు!

“సఆన్ క పుపుంతా?” అన్న పలకరింపూ అలాంటిదే. ఎక్కడికి వెళుతున్నావ్ అని అర్థం. పరాయి దేశస్థులు ఇది విని నొచ్చుకుంటారు, నా ప్రయాణం సంగతి వీళ్ళకెందుకని. దానికి అక్కడివాళ్ళు ఇచ్చే జవాబు “దియాన్ లంగ్”. అదుగో అక్కడికే, అని. ఏ ఊరో చెప్పరు, అడిగినవాళ్ళూ రెట్టించరు. బయల్దేరే మనిషిని “ఎక్కడికి?” అనకూడదని “ఎంతదూరం?” అని అడిగి, “ఇక్కడిదాకా” అన్న జవాబుతో తృప్తిపడే తెలుగు పెద్దలకి ఈ ప్రశ్నోత్తరాల్లో ఏ వింతా కనిపించదు.

భాషకి అసలు ప్రాణం చిన్న చిన్న మాటల్లో ఉంటుంది. “దావ్” అని ఒక మాటుంది. “ఉఉలాన్” అంటే వాన పడుతుంది. “ఉఉలాన్ దావ్” అంటే వాన పడుతుందట. ఇంగ్లీషులో ఈ “అట” చెప్పాలంటే ఎవరో అన్నారనీ, విన్నాననీ పెద్ద వాక్యం కట్టాలి. తెలుగులో రెండక్షరాలు, తగాలోగ్‌లో ఒక్కటి. చెప్పేవాడి పూచీ లేదు, విన్నది చేరవేస్తున్నాడు, అంతే. “యాత” అంటే అనుకుంటా, కాబోలు. “పలా” అంటే అప్పటిదాకా తెలియనిది తెలిసినప్పటి ఆశ్చర్యం. వెనక నుంచి ఎవరో భుజం తట్టారు, తిరిగి చూస్తే పాత స్నేహితుడు. “ఇకావ్ పలా!” అంటారు. “ఓహో, నువ్వా!” అని మనం అన్నట్టు.

“ప”, “న” అన్న జంట మరీ ముఖ్యం. “వలా” అంటే లేదు. పొద్దున్నే టిఫిను బండి దగ్గరికి వెళ్ళి వరిపిండి రొట్టెలున్నాయా అని అడిగితే “వలా ప” అన్నారనుకోండి, ఇంకా కాలేదు, కాస్త ఆగండి అని. “వలా న” అన్నారా, అయిపోయాయి, ఇక లేవు అని. మన “ఇంకా”, “ఇక” మధ్య తేడా ఇదే. ఈ రెండింటినీ తారుమారుగా వింటే, అయిపోయినవాటి కోసం నిలబడి ఉండాల్సి వస్తుంది.

బజారు మాటల్లో తెలుగువాడు మరింత సుఖపడతాడు. “మగ్‌కానో పో?” అంటే ఎంతండి? జవాబు విని “మహాల్!” అంటే, ప్రియం అని. అదే మాటతో “మహాల్ కితా” అంటే, నువ్వంటే నాకు ప్రేమ అని. ఖరీదైనదీ, ఇష్టమైనదీ ఒకే మాట. కూరగాయలు ప్రియమైపోయాయని ఒక పూట, ప్రియమైన నాన్నగారికి అని మరో పూట రాసే భాషకి ఇది చిత్రం కాదు. ధర తగ్గించమని అడగడానికి “తావద్” అంటారు. తప్పు క్షమించమనడానికి కూడా ఆ మాటలోంచి వచ్చిన “పతావద్” వాడతారు. వాడుకగా ఒకే కొట్టులో కొనేవాణ్ణి “సూకి” అంటారు. ఆ కొట్టువాడూ కొనేవాడికి “సూకి”యే. ఇద్దరికీ ఒకే పేరు.

అన్నిటికంటే దగ్గరగా చూడదగ్గది పొద్దుటి మొదటి బేరం. దాన్ని “బ్వేనా మానో” అంటారు. స్పానిష్ మాట, మంచి చెయ్యి అని అర్థం. కూరల గంప ముందు కూర్చున్న ఆవిడ, మొదటి కొనుగోలుదారు చెయ్యి తిరిగిపోకూడదని ధర కాస్త తగ్గిస్తుంది. చేతికొచ్చిన నోటుని టమాటాల మీదా వంకాయల మీదా అలా అలా తాకించి, అప్పుడు డబ్బుల సంచిలో పెడుతుంది. రైతుబజారులో బోణీ డబ్బు కళ్ళకద్దుకునే అమ్మని చూసినవాళ్ళకి ఆ మాటకి అర్థం ఏమిటో, ఆ సమయంలో గీచి గీచి బేరం ఆడకూడదని ఎందుకంటారో, విడిగా చెప్పాలా?

రోడ్డు మీద జీప్నీ ఉంది. రెండో ప్రపంచయుద్ధం తర్వాత అమెరికా సైన్యం వదిలేసిన జీపుల్ని సాగదీసి, రంగులేసి తయారుచేసుకున్న బండి అది. వెనక నుంచి ఎక్కాలి, ఎదురెదురుగా రెండు పొడుగు బల్లలు. చివర కూర్చున్నవాడు “బాయద్ పో” అని చిల్లర ముందుకి చాస్తాడు, ఛార్జీ అండి అని. పక్కవాడు అందుకుని ఆ పక్కవాడికిస్తాడు. నాలుగైదు చేతులు మారి అది డ్రైవరుకి చేరుతుంది. “సుక్లీ”, అంటే మిగిలిన చిల్లర, అదే దారిన వెనక్కొస్తుంది. “పాకిఅబోత్ పో” అంటే కాస్త అందించండి అని. ఈ “పాకి” అన్న ముక్క ఏ పని ముందు చేరితే ఆ పని బతిమాలుకున్నట్టవుతుంది, మన “కాస్త”, “కొంచెం” చేసే పనే. దిగాలంటే “పారా పో!” లేదా “స తబీ లంగ్ పో”, ఆ పక్కన ఆపండి అని. డ్రైవరుని “కూయా” అంటే అన్నా అని. కూయా, అక్కని పిలిచే “ఆతె”, రెండూ చైనా దక్షిణ తీరపు వ్యాపారుల హొక్కియెన్ భాష నుంచి వచ్చాయి. తాతని పిలిచే “లోలో”, అమ్మమ్మని పిలిచే “లోలా” స్పెయిన్ వాళ్ళ నుంచి వచ్చాయి. ముక్కూమొహం తెలియనివాళ్ళని కూడా వరస పెట్టి పిలవడం మాత్రం వాళ్ళ సొంతం.

“తబీ” అంటే పక్క అని ఇప్పుడే అనుకున్నాం. పొలం గట్టున పుట్ట ఎదురైతే పల్లెటూరివాళ్ళు “తబీ తబీ పో” అంటూ నడుస్తారు. కాస్త పక్కకి జరగండి, తప్పుకోండి అని. ఆ పుట్టలో మనిషి కంటికి కనిపించని ఒక ముసలాయన కాపురం ఉంటాడని నమ్మకం. పుట్టని తొక్కితే జబ్బు చేస్తుందని భయం. కనిపించని ఆ ముసలాయనకి కూడా “అండి” తగ్గలేదు.

ఎక్కువ అపార్థానికి గురైన పలుకుబడి “బహాల న”. అయ్యేదేదో అవుతుంది, దేవుడున్నాడు అన్నట్టు వాడతారు. బత్‌హాల అన్న వాళ్ళ పాత దేవుడి పేరు నుంచి ఇది వచ్చిందని చాలామంది అంటారు. ఆ పేరు సంస్కృతంలోని ‘భట్టార’ నుంచి వచ్చిందని పండితుల మాట. పాశ్చాత్యులు ఈ “బహాల న” విని, ఈ జాతికి సోమరితనం, తలరాత మీద వదిలేసే గుణం అని తీర్మానించారు. 1970లలో ఆల్ఫ్రెడో లగ్మాయ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త దీన్ని తిరగేసి చూశారు. ఫలితం తెలియని పనిలోకి, చేతిలో సరంజామా లేకపోయినా, తెగించి దిగే మనిషి తనకి తాను చెప్పుకునే ధైర్యం అది అన్నారు. లగ్మాయ్ చెప్పిందే సబబు. పరీక్ష హాల్లోకి వెళ్ళబోతూ “ఏదైతే అదే అవుతుంది, పద” అనే కుర్రవాడు చదువు మానేసినవాడు కాదు. చేతనైనంత చదివి, ఇక అడుగు వేస్తున్నవాడు.

అదే మూలం నుంచి “ఇకావ్ అంగ్ బహాల”, నీ ఇష్టం, నీకే వదిలేస్తున్నా. ఇందులో నమ్మకం ఉంది. “బహాల క!” అన్నా నీ ఇష్టమే, కానీ ఇది కోపం. మొదటిది విన్నవాడు బాధ్యత నెత్తినేసుకోవాలి, రెండోది విన్నవాడు కాళ్ళు పట్టుకోవాలి. “మీ ఇష్టం” అన్న మాటని ఇంట్లో ఎవరు ఏ గొంతుతో అన్నారో గమనించి మసలుకునే తెలుగు భర్తలకి ఈ పాఠం కొత్త కాదు.

సంస్కృతం ఆ దీవులదాకా చేరిందనడానికి ఆధారం కూడా ఉంది. 1989లో మనీలాకి దగ్గర్లోని లగూనా ప్రాంతంలో, నదిలో ఇసుక తీస్తుండగా ఒక పలుచని రాగిరేకు దొరికింది. మన తామ్రశాసనాల్లాగే “స్వస్తి” అని మొదలవుతుంది. శకవర్షం 822, వైశాఖ మాసం, అంటే క్రీస్తుశకం 900. లిపి దక్షిణ భారతపు పల్లవ లిపి సంతతికి చెందింది. భాష పాత మలయ్, నిండా సంస్కృత పదాలు. విషయం, ఒక మనిషి బంగారం రూపంలో ఉన్న బాకీ మాఫీ అయిందని, అతని వంశంవాళ్ళని ఇక ఎవరూ అడగకూడదని. అలా మలయ్ వర్తకుల దారిలో వచ్చిన మాటలు తగాలోగ్‌లో ఇప్పటికీ బతికున్నాయి. పంతులుగారు “గూరో”, ఆశ “ఆసా”. వేషం మారినవీ ఉన్నాయి. “ముక్‌హా” అంటే మన ముఖమే, “దుక్‌హా” అంటే మాత్రం దుఃఖం కాదు, పేదరికం.

బాకీ గురించే ఇంకో మాట. “ఊతంగ్” అంటే అప్పు, “లొఓబ్” అంటే లోపల. “ఊతంగ్ న లొఓబ్” అంటే లోపలి అప్పు. కష్టంలో ఆదుకున్నవాళ్ళకి పడ్డ ఋణం, డబ్బుతో తీరేది కాదు. “మీ ఋణం తీర్చుకోలేను” అని మనవాళ్ళు చేతులు జోడించేది దీన్ని గురించే. అది లేనివాడని ఒకరిని అనడం అక్కడ తీవ్రమైన తిట్టు.

ఈ మాటలన్నీ ఎవరికి అవసరం అంటే, ముందు వరసలో వైద్యవిద్యార్థులు కనిపిస్తారు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల నుంచి ఎందరో పిల్లలు ఫిలిప్పీన్స్‌లో డాక్టరు చదువుతున్నారు. తరగతి ఇంగ్లీషులో నడుస్తుంది, రోగి మాత్రం ఇంగ్లీషులో మూలగడు. “సఆన్ పో మసకీత్?” ఎక్కడండి నొప్పి? “కయిలాన్ పో నగ్‌సిములా?” ఎప్పుడు మొదలైందండి? “మయ్ లగ్‌నాత్ పో బ కయో?” మీకు జ్వరం ఉందా అండి? ఇంతవరకు వల్లెవేస్తే వస్తుంది. అసలు పరీక్ష జవాబు దగ్గర. చంటిబిడ్డని ఎత్తుకొచ్చిన తల్లి “నఊసోగ్ పో” అంటుంది. ఆ మాట వైద్య నిఘంటువులో దొరకదు. కొత్తవాళ్ళెవరో చూసి మెచ్చుకున్నాక బిడ్డకి కడుపునొప్పి వచ్చిందని, అంటే దిష్టి తగిలిందని చెబుతోంది. “బీనత్” అంటే, జ్వరం తగ్గీ తగ్గకుండా లేచి పనిచేస్తే తిరగబెట్టడం. “పస్మా” అంటే, బట్టలు ఇస్త్రీ చేసిన వేడి చేతుల్ని చన్నీళ్ళలో పెట్టడం వల్ల వచ్చిందని వాళ్ళు నమ్మే వణుకు. వేడి, చలవ, దిష్టి, తిరగబెట్టడం, ఇవన్నీ తెలిసిన ఇంట్లో పెరిగిన తెలుగు విద్యార్థి ఆ తల్లిని చూసి నవ్వడు. నమ్మకాన్ని పక్కనపెట్టి, బిడ్డ ఎన్నిసార్లు వాంతి చేసుకుందో అడుగుతాడు.

ఉచ్చారణలో రెండు జాగ్రత్తలు. మొదటిది, ఏ అక్షరం మీద ఒత్తు పడితే ఆ అర్థం. “బూకస్” రేపు, “బుకాస్” తెరిచి ఉంది. వాళ్ళ రాతలో రెండింటికీ సాధారణంగా ఒకటే వర్ణక్రమం, కాబట్టి తెలుగు అక్షరాల్లో దీర్ఘం పెట్టి రాసుకుంటే మరిచిపోరు. రెండోది, క ఖ గ ఘ తర్వాత వల్లెవేసి వదిలేసే “ఙ” అక్కడ మాట మొదట్లోనే వస్తుంది. “ఙయోన్” అంటే ఇప్పుడు, “ఙితీ” అంటే చిరునవ్వు.

మన పిల్లల్లో చాలామంది ఉండే దవావ్ నగరం మిందనావ్ దీవిలో ఉంది. అక్కడి ఇంటిభాష తగాలోగ్ కాదు, ఎక్కువమందికి సెబువానో. తగాలోగ్ దాదాపు అందరికీ అర్థమవుతుంది. అయితే సెబువానోలో “పో” లేదు. అది వినిపించలేదని ఆ ఊరివాళ్ళకి మర్యాద తక్కువనుకోవడం, కోస్తా జిల్లాలవాళ్ళు తెలంగాణ పల్లెకి వెళ్ళి అడుగడుగునా “అండి” వినపడలేదని నొచ్చుకోవడం లాంటిదే. తెలంగాణలో ఆ గౌరవం వరసల్లో, బహువచనంలో, గొంతులో పలుకుతుంది. దవావ్‌లోనూ అంతే. అక్కడ పొద్దున పలకరింపు “మాయోంగ్ బూన్‌తగ్”, కృతజ్ఞత “సలామత్ కఆయో”. వార్డులోకి అడుగుపెట్టగానే రోగి ఇంట్లో ఏ భాష మాట్లాడతారో అడిగి, ఆ తర్వాతే నొప్పి సంగతి ఎత్తడం మంచిది.